చిక్కటి సీసా

జయకుమారికి పదకొండేళ్ళప్పుడు ఆమె కళ్ళలో పండుమిరపకాయ నలిపారు. నలిపినవాడు వేములగుంట ఆసామి బాపయ్య. కారణం, ఆమె లంగా ఒడిలో దొరికిన గుప్పెడు కాయలు. పర్చూరు అవతల ఆ నల్లరేగడిలో కోతకు పోయిన ఏ పిల్లయినా గుప్పెడు కాయలు ఇంటికి తెచ్చుకోకుండా పెరగలేదు. ఒళ్ళు ఎవరూ తడమరు. ఆ రోజు బాపయ్యకు ఎవరిమీదో కోపం, తడిమాడు. జుట్టు పట్టి గట్టుమీద కూలేసి, కాయ విరిచి, గింజలతో సహా రెండు కళ్ళకూ రాశాడు. ముప్పై మంది కూలీలు చూస్తూ నిలబడ్డారు.

కదిలింది పుల్లమ్మ ఒక్కతే. దానికీ పదకొండేళ్ళే. జయను వీపున వేసుకుని మేకలదొడ్డికి పరిగెత్తి, ఈనిన మేకను పట్టుకుని, పొదుగు నుంచే నేరుగా జయ కళ్ళలోకి పాలు పిండింది. మేక తన్నిన తన్నుకు పుల్లమ్మ ముందుపన్ను సగానికి విరిగింది. ఆ విరిగిన పన్నుతోనే అది పెళ్ళి ఫోటో దిగింది, ఆ విరిగిన పన్నుతోనే శవపెట్టెలో పడుకుంది.

జయకుమారి చూపు నిలిచింది. ఆ చూపుతో మిషన్ హాస్టల్లో చదివింది, గుంటూరులో కెమిస్ట్రీ డిగ్రీ చేసింది. చీరాల సంబంధం చేసుకుంది. నాలుగో నెలలో మొగుడు బెల్టు తీస్తే ఆమె అట్లపెనం తీసింది. అతని మణికట్టు విరిగింది. పెనం అక్కడే పారేసి గుంటూరు బస్సెక్కింది. మిరపకాయలు ఎగుమతి చేసేవాళ్ళ కోసం పెట్టిన ఒక ప్రైవేటు ల్యాబులో పనికి కుదిరి పదకొండేళ్ళయింది. ఇప్పుడామెకు ముప్పై ఎనిమిది. దగ్గు, వేళ్ళ చివర్ల మంట, ఎవరినీ నమ్మని కళ్ళు. సంపాదించుకున్నది అంతే.

పని చెప్పుకోవడానికి సులువే. కాయల్ని పొడి చేసి, ద్రావకంలో వేసి, గిలకొట్టి, పైకి తేలిన ఎర్రటి సారాన్ని తీస్తారు. ఆ సారాన్ని మిషనుకు ఇస్తారు. మిషను దాన్ని సన్నటి సూది మొన దగ్గర తుంపరగా చిమ్మి, ఆవిరి చేసి, కరెంటు అంటించి, అందులోని ఒక్కో పదార్థాన్నీ దాని బరువును బట్టి విడదీస్తుంది. పురుగుమందు ఉంటే తెరమీద గీత కొండలా లేస్తుంది. లేకపోతే గీత చాపలా పడుకుంటుంది.

ల్యాబు పెద్ద నస్రత్. పాత గుంటూరు పిల్ల, ముప్పై ఒకటి. వయసులో చిన్నదైనా పై అధికారి కాబట్టి జయకుమారి మేడం అంటుంది, నస్రత్ ఆమెను అక్కా అంటుంది. ఆ చలికాలం నస్రత్ మిరపకాయలో మందులు పట్టుకోవడానికి కొత్త పద్ధతి కడుతోంది. అంతా కుదిరింది, ఒక్కటి మిగిలింది. సారాన్ని మిషనుకు ఎంత చిక్కగా ఇవ్వాలి?

"చిక్కగా ఇస్తే మందు ఎక్కువ పడుతుంది గదా మేడం. ఎక్కువ పడితే బాగా కనపడుద్ది," అంది జయకుమారి.

"అనుకుంటాం అక్కా. కానీ సారంలో మందొక్కటే ఉండదుగా. రంగు, నూనె, కారం, అన్నీ ఆ సూది దగ్గరే తోసుకుంటాయి. మందుకు కరెంటు అందనివ్వవు. అలాగని మరీ పలచన చేస్తే మందే ఆనదు. అందుకే మెట్లు మెట్లుగా పలచన చేసి చూడాలి. ప్రతి మెట్టుకూ రెండు సీసాలు. ఒకదాంట్లో ఉత్త సారం, రెండోదాంట్లో మనం కొలిచి మందు కలిపిన సారం. కలిపింది కలిపినంతా కనపడిందా, ఆ మెట్టు మంచిది. కనపడలేదా, కాయ దాన్ని మింగేస్తోందన్నమాట. రెండో సీసా లేకుండా ఏ రిపోర్టూ రాయొద్దు."

అంత చెప్పి నస్రత్ హైదరాబాదులో ట్రైనింగుకు పోయింది.

*

వేములగుంటలో బాపయ్య చేనుకు రెండేళ్ళు వరసగా నల్ల తామర పురుగు పట్టింది. పూతను పూతగానే తినేసింది. మూడో ఏడు కాయ నిలిచింది. ఫిబ్రవరి రెండో వారంలో పద్నాలుగు మంది ఆడవాళ్ళను కోతకు దించాడు. మంచు దిగిన పొద్దు. ఆకుల మీద నీళ్ళు కారుతున్నాయి.

"మందు వాసనొస్తందండీ," అంది హెలెన్ అనే కూలీ.

"ఇరవై రోజుల కిందటి మందుకి ఇప్పుడు వాసనేంటే? మీ ముక్కులు కోసి పారెయ్య. దిగండి దిగండి."

అందరికంటే పెద్దమూట పుల్లమ్మ నెత్తికెత్తుకుంది. తడికాయల నీళ్ళు మెడమీదుగా రవికలోకి కారుతూనే ఉన్నాయి. పదకొండింటికి ఐదుగురు వాంతులు చేసుకున్నారు. పుల్లమ్మ పడిపోయింది. నోటి వెంట చొంగ, ఒళ్ళంతా వణుకు, కంటిపాపలు ఆవగింజంత. మొగుడు జోసఫ్ ఆటోలో వేసుకుని గుంటూరు తెచ్చేలోపు ఊపిరి ఆగి, వచ్చి, మళ్ళీ ఆగి, సాయంత్రానికి పూర్తిగా ఆగింది.

పోలీసులు కేసు రాసుకున్నారు. సర్కారు పరీక్షలకు నెలలు పడతాయన్నారు. ఈలోపు బాపయ్య ఊళ్ళో ఒక మాట వదిలాడు. "కాయ కోస్తే చచ్చిపోతారంట్రా ఎక్కడన్నా? మొగుడు కొట్టాడు, మందు తాగి వచ్చింది. నా చేలో పడి చచ్చింది."

ఆ మాట అంటుకుంది. అంటుకోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట జోసఫ్ పుల్లమ్మను చర్చి ముందే జుట్టు పట్టి కొట్టాడు. ఊరవతల వాళ్ళ పల్లె మొత్తం చూసింది.

పుల్లమ్మకు తమ్ముడు ఒకడే, మార్క్. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. అక్క పెంచిన పిల్లవాడు. శవం దగ్గర వాడు ఏడవలేదు. "ఎవరు చేశారో తేలాలి. తేలినాక నేను చూసుకుంటా," అన్నాడు, అంతే.

ఆ ఊళ్ళో ఒకప్పుడు తగువు తెగకపోతే ఒక పక్షం కర్పూరం ఆర్పి ప్రమాణం చేసేది, రెండో పక్షం బైబిల్ మీద చెయ్యి వేసేది. ఇప్పుడు రెండింటినీ ఎవరూ నమ్మడం లేదు. ఆ రోజు కోసిన కాయల్లోంచి ఒక సంచీ తీసి, రెండు పక్షాలూ లక్క సీళ్ళు వేసి, ల్యాబుకు పంపాలని పెద్దమనుషులు తేల్చారు. కాగితం ఏం చెబితే దానికి ఇద్దరూ తల వంచాలి.

సంచీ తెచ్చినవాడు బాపయ్య కొడుకు కోటేష్. తోడు చర్చి పెద్ద ఒకాయన. కోటేష్ జయకుమారిని గుర్తుపట్టలేదు. "గురువారం పెద్దమనుషులు కూర్చుంటారు మేడం. ఆ లోపు ఇచ్చెయ్యండి," అన్నాడు.

చీటీ మీద బాపయ్య పేరు చూడగానే జయకుమారి కళ్ళు మండాయి. అది మాట వరసకు కాదు. ఇరవై ఏడేళ్ళ తర్వాత కూడా ఆ పేరు వింటే ఆమెకు నిజంగానే నీళ్ళు కారతాయి. చనిపోయింది తన పుల్లమ్మ, చేను వాడిది. ఈ పరీక్ష నేను చెయ్యకూడదు అని చెప్పడం ల్యాబు నియమం. చెప్పలేదు. తలుపు వేసుకుంది.

కాయల్ని పొడి చేస్తూ పళ్ళు నూరింది. "దొరికావురా," అనుకుంది. ఇంత పిసరు మందున్నా తప్పించుకోకూడదు. పది మిల్లీలీటర్ల సారాన్ని నైట్రోజన్ గాలి కింద పెట్టి ఎండగట్టింది. పది ఐదయింది, ఐదు ఒకటయింది, ఒకటి అర అయింది. చివరికి సీసా అడుగున మిగిలింది గడ్డకట్టిన నెత్తురులా ఉంది. నస్రత్ చెప్పిన మెట్లు ఆమె ఎక్కలేదు, దిగలేదు. ఒక్క దూకున అన్నిటికంటే చిక్కటి చోటుకు పోయింది.

రెండో సీసా దగ్గర ఆగింది. అందులో తన చేత్తో మందు కలపాలి. చెయ్యి రాలేదు. తను ఆ పల్లె మనిషి. రేపు బాపయ్య మనుషులు వచ్చి, మీ ల్యాబులో మాలో మాదిగో ఒకత్తుందంట, అదే సీసాలో విషం పోసిందంట అంటే? రిజిస్టరులో రాసి ఉంటుంది, ఈ సంచీ సారంలో జయకుమారి ఇంత మందు కలిపింది అని. వాళ్ళు చదవడం మొదలుపెడితే ఆ ఒక్క వరసే చదువుతారు. రెండో సీసాను ఖాళీగానే మూతపెట్టి పక్కన పెట్టింది.

చిక్కటి సీసాను మిషనుకు ఇచ్చింది.

గీత చాపలా పడుకుంది.

మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ అదే. తెరకు మొహం ఆనించి చూసింది. ఒక్క గుట్ట లేదు. ఇంత చిక్కగా ఇచ్చినా లేదంటే అసలు లేనట్టే. అప్పుడామె ఒక పని చేసింది, తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు జలదరించే పని. ఆమె నమ్మింది. బాపయ్య మీద ఉన్న కోపమంతా గిర్రున తిరిగి జోసఫ్ మీద పడింది. చర్చి ముందు జుట్టు పట్టిన చెయ్యి గుర్తొచ్చింది. తన మీద బెల్టు తీసిన మొగుడు గుర్తొచ్చాడు.

ఫోనులో నస్రత్ అడిగింది. "కలిపిన సీసా సరిగ్గా వచ్చిందా అక్కా?"

"వచ్చింది మేడం."

"చూశావుగా?"

"చూశాను."

నస్రత్ హైదరాబాదు నుంచే కంప్యూటరులో సంతకం పెట్టింది. 'పురుగుమందు కనపడలేదు' అన్న కాగితం వేములగుంట పోయింది.

*

గురువారం పొద్దున బడి ఆవరణలో కాగితం చదివారు. చదవడం పూర్తయ్యేదాకా మార్క్ ఆగాడు. బస్తాలు లాగే కొక్కెం వాడి నడుముకే ఉంది. గుంటూరు హమాలీ కొక్కెం అంటే చెక్కపిడి, దానికి జానెడు ఇనప వంపు, చివర సూది. నలభై కిలోల మిరప బస్తాను, టిక్కీని, ఆ ఒక్క వంపుతో పక్కకు లాగేస్తారు.

"బావా," అన్నాడు మార్క్, మామూలుగా పిలిచినట్టే.

జోసఫ్ తిరిగి చూశాడు. కొక్కెం భుజం ఎముక కింద దిగింది. మార్క్ లాగాడు. బస్తాను లాగినట్టే, నడుము వంచి, కాలు తన్నిపెట్టి, ఆవరణ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఈడ్చాడు. జోసఫ్ అరుపు అరుపులా లేదు, కోడిని సగం కోసి వదిలేసినట్టుంది. జెండా గద్దె దగ్గర కొక్కెం కండ చీల్చుకుని బయటికొచ్చింది. మార్క్ పిడి తిప్పి పట్టుకుని మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గేటు దగ్గరున్నవాళ్ళకు వినపడింది. తర్వాత పక్కటెముకలు. తర్వాత మొహం. బాపయ్య మనుషులు చేతులు కట్టుకుని చూశారు. పల్లెవాళ్ళూ చూశారు. కాగితం చెప్పింది గదా.

చర్చి పెద్ద కాళ్ళమీద పడితే ఆగాడు. "ఆస్పత్రికి తీసుకుపోండి," అన్నాడు రొప్పుతూ. "బాగు చేయించండి. డిశ్చార్జి రోజు గేటు దగ్గర నేనుంటా. మిగిలింది అక్కడ."

సంగతి తెలిసి శుక్రవారం జయకుమారి గుంటూరు పెద్దాసుపత్రికి పోయింది. పరామర్శకు కాదు, వాడి మొహాన ఉమ్మేసి రావడానికి. మంచం దగ్గర నిలబడింది. ఉమ్మడానికి మొహమే సరిగ్గా కనపడలేదు, అంతా వాపు.

"ఎందుకు కొట్టావురా దాన్ని?" అంది. "విషం తాగేదాకా ఎందుకు తెచ్చావు?"

"కొట్టాను వదినా. కొట్టలేదని అనను," అన్నాడు జోసఫ్. పెదవులు కదిలితే నెత్తురు చిమ్ముతోంది. "రెండేళ్ళయింది. తాగి కొట్టాను. ఆ తర్వాత తాగలా, కొట్టలా. నువ్వు నమ్మక్కర్లా."

"కాగితంలో కాయల మీద మందు లేదు."

"కాగితం సంగతి నాకు తెలీదు. ఆటోలో ఊపిరి ఆగింది. నోట్లో నోరు పెట్టి ఊదాను. చిలకలూరిపేట దాటేదాకా ఊదుతానే ఉన్నా. నోరు వాసన రాలా వదినా. మందు తాగిన మనిషైతే నోరు కంపు కొట్టాలిగా? నోరు కాదు, మెడ కంపు కొట్టింది. రవిక కంపు కొట్టింది. నాకూ వాంతయింది."

జయకుమారి మంచం కమ్మీ పట్టుకుంది.

"డాక్టరుగారు మంగళవారం పంపించేస్తానన్నారు," అన్నాడు జోసఫ్. "మార్కుగాడు గేటు దగ్గరుంటాడంట. ఉండనీ. ఈ ఒక్క చేత్తో నేనేం చేస్తా?"

*

శనివారం ఉదయమే ల్యాబు తాళం తీసింది. సంచీలో కాయలు మిగిలే ఉన్నాయి. ఆ చిక్కటి సీసా కూడా ఉంది. భయపడి ఖాళీగా వదిలేసిన రెండో సీసాను ముందు నింపింది. అదే చిక్కటి సారం తీసి, తన చేత్తో, కొలిచి, మందు కలిపింది. చేప చచ్చేంత మందు. మిషనుకు ఇచ్చింది.

గీత చాపలా పడుకుంది.

తను పోసిన విషం. తన కళ్ళముందు పోసిన విషం. లేదంటోంది మిషను. సూది మొన దగ్గర మూత విప్పి చూస్తే ఎర్రటి మసి పేరుకుపోయి ఉంది. 

శుభ్రం చేసి, నస్రత్ చెప్పిన మెట్లు ఒక్కొక్కటిగా దిగింది. అసలు సారం ఎండగట్టకుండా ఇచ్చింది. అనుమానంగా చిన్న గుట్ట. పదో వంతుకు పలచన చేసింది. గుట్ట లేచింది. పలచన చేస్తే తగ్గాల్సింది పెరిగింది. యాభయ్యో వంతు చేసింది. చూడటానికి మంచినీళ్ళలా ఉన్న ఆ సీసాలోంచి గీత నిటారుగా, సన్నగా, గునపంలా లేచింది. కలిపిన సీసాలో కలిపినంతా కనపడింది. రెండువందల వంతు చేస్తే గుట్ట మళ్ళీ అడుగు గీతలో కలిసిపోయింది. యాభై దగ్గర కాయ మీద ఎంత మందు మిగిలిందో లెక్క వేసింది. ఇరవై రోజుల కిందట కొట్టిన మందు కాదది. కోతకు ముందురోజు కొట్టింది.

వేలెత్తి చూపించినట్టు బాపయ్య అక్కడున్నాడు. వాడు తప్పించుకోకూడదని ఆమె ఎంత చిక్కగా చేసిందో, అంత లోపలికి వాడిని తనే దాచింది.

సోమవారం నస్రత్ వచ్చింది. జయకుమారి రెండు గీతలూ టేబిలు మీద పెట్టి, మొత్తం చెప్పింది. పల్లె, పుల్లమ్మ, కళ్ళు, ఖాళీ సీసా, ఫోను. నస్రత్ చేతిలో టీ గ్లాసు గోడకు తగిలి భళ్ళున పగిలింది.

"చిక్కగా తీస్తే తీశావ్! నేనూ తీశాను మొదట్లో, ప్రతివాడూ తీస్తాడు! కలిపిన సీసా పెట్టలేదు మేడం అని ఒక్క మాట అంటే సంతకం ఆపేదాన్ని కదా! చూశానన్నావు. నా చెవిలో చెప్పావు చూశానని. నీ మాట మీద ఒకడి చెయ్యి విరిచారక్కా!"

జయకుమారి వంగి పెంకులు ఏరబోయింది.

నస్రత్ గాజుపెంకులు కాలితో పక్కకు నెట్టి కూర్చుంది. కాగితం లాక్కుంది. "పాత రిపోర్టు రద్దు చేస్తున్నా. బుధవారం రెండు పక్షాల్నీ పిలుద్దాం. ఆ రోజు కోతలోంచే ఇంకో సంచీకి సీళ్ళు వేయించి తెప్పించి, వాళ్ళ ముందే మొదటి నుంచి చేద్దాం. నువ్వే చేస్తావు. ఆ తర్వాత ఈ మిషను ముట్టుకోవు."

"జోసఫ్ డిశ్చార్జి రేపు మేడం."

"అయితే ఇక్కడెందుకు నిలబడ్డావ్?" అంది నస్రత్.

*

మిర్చి యార్డులో మధ్యాహ్నం ఎండ. ఒక వరసలో టిక్కీలు కోసి కాయ కుమ్మరిస్తున్నారు. ఎర్రటి పొడి పొగలా లేచింది. మార్క్ మూతికి తువ్వాలు కట్టుకుని బస్తా లాగుతున్నాడు. జోసఫ్ భుజంలో దిగిన కొక్కెమే.

"మార్కూ. ఆ కాగితం తప్పురా."

"ఏ కాగితం?"

"కాయల మీద మందు లేదన్న కాగితం. మందుంది. ముందురోజు కొట్టిన మందు. పరీక్ష చేసింది నేను. తప్పు చేసింది నేను."

మార్క్ తువ్వాలు దించాడు. "నువ్వు? జయక్కా, నువ్వా చేసింది?"

"బాపయ్యను పట్టియ్యాలని మరీ చిక్కగా చేశా. కాయ మందును కప్పేసింది. ఆ వరసలో చూడు, కాయ కుమ్మరిస్తున్నారు. పొడిలో నిలబడ్డ మనిషి కనపడతన్నాడా నీకు? పొడి పలచబడినాక కనపడతాడు. మనిషి అక్కడే ఉంటాడు."

మార్క్ అటు చూశాడు. పొడిలోంచి దగ్గులు వినపడుతున్నాయి, మనుషులు కనపడటం లేదు. వాడి దవడ కండ కదిలింది. కొక్కెం పిడి పైకి లేచింది. ఆమె తప్పుకోలేదు. పిడి ఎడమ బుగ్గ మీద పడింది. బస్తాల మీద వెనక్కి పడింది. నోట్లో ఏదో పలుకులా తగిలింది. ఉమ్మితే దవడపన్ను ముక్క. ఇద్దరు హమాలీలు మార్క్ రెక్కలు పట్టుకున్నారు. వాడు ఇద్దర్నీ విదిలించి గేటు వైపు నడిచాడు, కొక్కెం చేతిలోనే.

"ఎక్కడికిరా?"

"ఆస్పత్రికి."

వాడికి అర్థమయిందో లేదో తెలియదు. ఆటో ఎక్కి వాడి వెనకే పోయింది, కొంగుతో బుగ్గ అదుముకుని. వార్డులోకి పరిగెత్తేసరికి మార్క్ జోసఫ్ మంచం పక్కనే ఉన్నాడు. జోసఫ్ లేవలేక గోడ వైపు జరుగుతున్నాడు. కొక్కెం పైకి లేచి ఉంది. కానీ సూది మార్క్ వైపే ఉంది. పిడి జోసఫ్ వైపు చాచాడు.

"వెయ్యి బావా."

"ఏందిరా?"

"అక్కను చంపింది నువ్వు కాదంట. వెయ్యి. నేను ఎక్కడ వేశానో అక్కడే వెయ్యి."

జోసఫ్ జయకుమారి మొహం చూశాడు, నెత్తురు చూశాడు. ఎడమచేత్తో పిడి అందుకున్నాడు. క్షమిస్తాడని ఆ వార్డులో ఉన్నవాళ్ళంతా అనుకుని ఉంటారు. జోసఫ్ వేశాడు. బలం లేని చెయ్యి కాబట్టి ఇనుము కండలో పావు వంతే దిగింది. మార్క్ పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు. నర్సులు కేకలు వేశారు. సెక్యూరిటీవాళ్ళు కొక్కెం లాక్కుపోయారు.

మార్క్ నేలమీద పడిన తన నెత్తురును తన తువ్వాలుతోనే తుడిచాడు. "రేపు ఆటో నేను తెస్తా," అన్నాడు బావతో. తర్వాత జయకుమారి వైపు తిరిగి, "బాపయ్య ఎప్పుడొస్తాడు నీ ల్యాబుకి?"

"బుధవారం. నువ్వు చేతులు ఖాళీగా వస్తేనే లోపలికి రానిస్తా."

*

బుధవారం పదింటికి ల్యాబు నిండింది. పెద్దమనుషులు, బాపయ్య, కోటేష్, కట్లతో జోసఫ్, భుజానికి గుడ్డ కట్టుకున్న మార్క్, మెట్ల మీద దాకా పల్లె. అద్దం అవతల అందరూ, ఇవతల జయకుమారి. బుగ్గ వంకాయ రంగుకు తిరిగింది. రెండు పక్షాలూ చూస్తుండగా సీళ్ళు తీసింది, పొడి చేసింది, సారం తీసింది. సగం ఎండగట్టి చిక్కగా చేసింది, సగం యాభై వంతుల పలచన చేసింది. తర్వాత మందు సీసా చేతిలోకి తీసుకుని అందరికీ చూపించింది.

"ఇది విషం. ఈ చిక్కటి సీసాలో పోస్తన్నా. చూడండి."

"చూశారా!" అని బాపయ్య అద్దం మీద రెండు చేతులతో బాదాడు. "మా కాయల్లో విషం పోస్తంది! దీని ఊరేంటో అడగండి! అది ఆ పల్లెదేనంట! లంజదానా!" తలుపు తన్నుకుని లోపలికి దూకాడు. సీసా కోసం చెయ్యి వేశాడు. జయకుమారి మోచేత్తో మెడ కింద పొడిచింది. మార్క్ కదలబోయాడు.

"ఎవరూ రావొద్దు!" అని అరిచింది. "ఇంకో రెండు చుక్కలున్నాయి."

పెద్దమనుషులు బాపయ్యను పట్టుకున్నారు. ఆమె రెండు చుక్కలూ పోసింది. విషం పోసిన చిక్కటి సీసాను మిషనుకు ఇచ్చింది. గీత చాపలా పడుకుంది. ఆవరణలో కాగితం చదివిన పెద్దమనిషి తెరను చూసి, సీసాను చూసి, మళ్ళీ తెరను చూశాడు. "పోశావు గదమ్మా?"

"పోశాను. మీరే చూశారు. కాయ మింగేసింది. మొన్న కూడా ఇట్టాగే మింగింది. ఇప్పుడు ఇది చూడండి, దీంట్లో నేనేం పోయలా."

యాభై వంతుల పలచన సీసా. గునపం లేచింది.

కోటేష్ తల దించుకున్నాడు. కోతకు ముందురోజు సాయంత్రం మందు పంపు భుజాన వేసుకున్నవాడు అతనే. బాపయ్య ఒక్క క్షణం ముసలివాడైపోయాడు. "రెండేళ్ళు తిన్నదిరా ఆ పురుగు," అన్నాడు ఎవరితోనో. తర్వాత జయకుమారి మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడు.

"నీ కళ్ళు ఆ రోజే పోవాల్సింది," అన్నాడు.

"పుల్లమ్మ పోనియ్యలా," అంది జయకుమారి.

నస్రత్ రెండో కాగితం మీద సంతకం పెట్టి పెద్దమనుషులకు ఇచ్చింది, ఇంకొకటి పోలీసులకు పంపుతానంది. జయకుమారిని మిషను గది నుంచి సీసాలు కడిగే గదికి మార్చింది. ఆమె కుళాయి తిప్పింది. కిటికీలోంచి మెట్లు కనపడుతున్నాయి. జనం రెండు పక్కలా నిలబడి బాపయ్యకు దారి ఇచ్చారు. మూడో మెట్టు దగ్గర మార్క్ కాలు చాపాడు. బాపయ్య దొర్లుకుంటూ పోయి కింద సిమెంటు మీద మొహాన పడ్డాడు. ముక్కు చితికింది. మోకాళ్ళ మీద లేవబోయి మళ్ళీ పడ్డాడు. కోటేష్ కూడా ముందుకు రాలేదు.

అందరూ చూస్తూ నిలబడ్డారు. జయకుమారీ కుళాయి కట్టకుండా చూసింది. ఇంతమందిలో కదిలే మనిషి ఒక్కతే ఉండేది. ఆమె లేదు.